పదకొండు, పద్నాలుగు

ఆ యంత్రం మూడోసారి ఆగిపోయినప్పుడు కొలతమ్మ తన గదిలో కూర్చుని ఒక వైరు చివర తొక్క ఒలుస్తోంది. ఆగిపోయిందని ఆమెకు ఎవరూ వచ్చి చెప్పలేదు. గోడ అవతల టెస్టింగ్ హాల్లో ఫ్యాన్ల హోరు ఉన్నట్టుండి సన్నబడింది. ఆ వెంటనే కుర్చీ ఒకటి కిర్రుమని వెనక్కి జరిగింది. ఆ కుర్చీలో కూర్చునేది తన తోడికోడలే. మంగళవారం, పొద్దున పదకొండూ నలభై. వచ్చే గురువారానికల్లా యంత్రం వాతావరణ కేంద్రానికి వెళ్లిపోవాలి.

కొలతమ్మ అన్నది కంపెనీ వాళ్లు పెట్టిన పేరు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇరవై రెండేళ్లుగా ఆ కంపెనీ తయారుచేసే పెద్ద కంప్యూటర్లకు వైర్లు కోసి, చివర్లు బిగించి ఇచ్చేది ఆమే. ఇన్నేళ్లలో ఆమె కోసిన వైరు ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదు, కానీ ఎవరైనా అంటే కాదనదు.

ఈ యంత్రం బీరువా అంత ఉంటుంది. లోపల పదహారు బోర్డులు, ఒక్కో దాని మీద ఒక్కో ప్రాసెసరు. ఒకే లెక్కను పదహారూ పంచుకుని చేస్తాయి. నీ వంతు అయిందా, ఇలా అందుకో, అని ఒకదాని నుంచి ఇంకోదానికి అంకెలు చేతులు మారుతూ ఉంటాయి. అలా మారాలంటే అన్నిటికీ ఒకటే గడియారం ఉండాలి. అందుకని మధ్యలో గడియారం బోర్డు ఒకటి పెట్టారు. అది సెకనుకు పది కోట్ల సార్లు టిక్కుమంటుంది. ఆ టిక్కును పదహారు బోర్డులకూ మోసుకెళ్లేవి కొలతమ్మ కోసిన పదహారు వైర్లు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయ్యాయా, ఒక బోర్డుకు టిక్కు ముందు చేరుతుంది, ఇంకోదానికి వెనక. ముందు విన్న బోర్డు, పక్కది ఇంకా అందించని అంకె కోసం చెయ్యి చాచి, దొరికిన చెత్త ఏదో పట్టుకుని లెక్క కట్టేస్తుంది. ఇక అంతే సంగతులు. అందుకే పదహారు వైర్లూ సరిగ్గా రెండేసి మీటర్లు. మిల్లీమీటరు అటూ ఇటూ కావడానికి వీల్లేదు.

టీ వేళకు తోడికోడలు వరండాలోకి వచ్చింది. ఆమె వయసు ముప్పై నాలుగు, ఇంజనీరింగ్ చదివింది, టెస్టింగ్ అంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది. కొలతమ్మ ఆమెకన్నా పద్నాలుగేళ్లు పెద్ద. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు, ఒకే వంటగది. కంపెనీలో మాత్రం ఒకరి జోలికి ఒకరు పోకూడదని మొదటిరోజే మాట అనుకున్నారు.

"మళ్లీ ఆగింది కదా?" అంది కొలతమ్మ.

"మళ్లీ. ఏడు గంటలు బుద్ధిగా నడిచి ఆగింది. నిన్న పదమూడు గంటలు నడిచింది. ఎప్పుడు ఆగుతుందో దానికే తెలీదు." తోడికోడలు కప్పు పట్టుకుని తాగడం మర్చిపోయింది. "కానీ ఒక్కటి దొరికిందక్కా. ఎప్పుడు ఆగినా పదకొండో బోర్డో, పద్నాలుగో బోర్డో ముందు తప్పు చేస్తోంది. ఆ బోర్డులు తీసి వేరేవి పెట్టాను. అయినా అంతే. అంటే తప్పు బోర్డుల్లో లేదు, ఆ రెండు స్థానాల్లోనే ఉంది."

"ఆ రెండేనా?"

"ఆ రెండే."

కొలతమ్మ చేతిలోని టీ ఒక్కసారిగా చల్లారిపోయినట్టనిపించింది. రెండు అన్న మాట చెవిలో పడి అక్కడే కూర్చుంది.

రెండు వారాల కిందట పద్నాలుగు వైర్లు కోసేసరికి రీలు అయిపోయింది. చివర మీటరున్నర ముక్క మిగిలింది, దేనికీ పనికిరాదని చెత్త డబ్బాలో పడేసింది. స్టోరుకు వెళ్లి కొత్త రీలు తెచ్చుకుంది. అదే నీలం రంగు, అదే లావు. "అదే సరుకక్కా, తయారుచేసే వాళ్లు మారారంతే," అన్నాడు స్టోరు కీపరు. చివరి రెండు వైర్లూ ఆ రీలులోంచి కోసింది. తొక్క ఒలిచేటప్పుడు కత్తి కాస్త సులువుగా దిగింది, లోపలి తెల్ల పొర వేలికి మెత్తగా తగిలింది. అది ఆమె గమనించింది. గమనించి ఊరుకుంది. గేటు దగ్గర భర్త బండి మీద ఎదురుచూస్తున్నాడు, అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. రీలు మారితే పుస్తకంలో కొత్త నంబరు రాయాలి. అలవాటు కొద్దీ పైనుంచి కింద దాకా పదహారు వరసల్లోనూ పాత నంబరే రాసి సంతకం పెట్టి లేచింది.

పొడవు మాత్రం చూసింది. రెండు మీటర్లు, గీత గీసినట్టు. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం యంత్రం వెనక తలుపు తెరిచి పదహారు వైర్లూ బయటికి తీశారు. మేనేజరు దగ్గరుండి కొలిపించాడు. ఒక్కటీ తేడా లేదు. ఎక్కడివి అక్కడే మళ్లీ తగిలించారు. కొలతమ్మ రాసిన పుస్తకం తెరిచి చూశాడు. ఒకే రీలు, ఒకే రోజు, ఒకే సంతకం.

"ఈవిడ వైర్లను అనుమానించడం మనదే బుద్ధి తక్కువ," అంటూ పుస్తకం మూసేశాడు. "వైర్లు కావు, బోర్డులు కావు. ఇక మిగిలింది వెనక పలక మీది అతుకులు."

ఆ అతుకులు వేసింది టంకం మాస్టారు.

టంకం మాస్టారికి అరవై దగ్గరపడుతున్నాయి. బోర్డులన్నీ వచ్చి గుచ్చుకునే వెనక పలక మీద వేల పిన్నులుంటాయి. వాటిని సీసం కరిగించి ఒక్కొక్కటీ అతికేది ఆయనే. కొలతమ్మ ఈ కంపెనీలో చేరిన వారంలో వైరు తొక్క ఎలా ఒలవాలో నేర్పింది కూడా ఆయనే. లోపలి తీగకు గీటు పడితే, "ఏం తల్లీ, బంగాళాదుంప అనుకున్నావా?" అనేవాడు. ఈ మధ్య ఆయన చెయ్యి వణుకుతోందని కంపెనీలో అందరికీ తెలుసు. అందరూ చూడనట్టే ఉన్నారు.

బుధవారం పొద్దున ఆయన్ని హాల్లోకి పిలిచి, ఒక పాత పలక ముందు పెట్టి, పది అతుకులు వేసి చూపించమన్నారు. మేనేజరు, ఇంకో ఇద్దరు చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. కొలతమ్మ తలుపు అద్దంలోంచి చూసింది. మాస్టారు మోచేతిని బల్ల అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాడు. నాలుగు బాగానే పడ్డాయి. అయిదోదాని దగ్గర సీసం కరిగించే కడ్డీ మొన ఎగిరి పక్క పిన్నుకు తగిలింది. ఆరోది మొదలుపెట్టకుండానే ఆయన కడ్డీని దాని గూట్లో పెట్టేసి, తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి మాస్టారూ," అన్నాడు మేనేజరు, చాలా మర్యాదగా.

పాత అతుకులన్నీ ఊడదీసి కొత్తగా వేయడానికి బయటినుంచి ఇద్దరిని రమ్మన్నారు. శుక్రవారం మొదలుపెడతారట, అయిదు రోజుల పని అన్నారు.

ఆ రోజంతా కొలతమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. గదిలో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్లాలో తెలియదు. స్టోరు దాకా వెళ్లి ఏమీ అడక్కుండా తిరిగొచ్చింది. ఒక వైరును మూడుసార్లు కొలిచింది. తన తప్పే అయ్యుంటే అన్న మాట ఒకవైపు, పొడవు సరిపోయాక తప్పెలా అవుతుందన్న మాట ఇంకోవైపు. ఏ ఒక్కదాని మీదా మనసు నిలవదు.

సాయంత్రం ఇంట్లో బీన్సు తరుగుతూ వేలు కోసుకుంది.

"ఏమైందే నీకు?" అంది అత్తగారు. ఆవిడకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది తనకు నచ్చిన మాటలకే పనిచేస్తుంది. ఇద్దరు కోడళ్లూ వాన ఎప్పుడొస్తుందో చెప్పే యంత్రం చేస్తున్నారని వీధంతా చెప్పుకుంటుంది. తను మాత్రం ఎండ కాస్తున్నా గొడుగు లేకుండా గడప దాటదు.

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానివి ఉప్పు రెండుసార్లు ఎందుకు వేశావు?"

వేసిందా? వేసినట్టే ఉంది.

తోడికోడలు బల్ల దగ్గర కూతురికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, మధ్యమధ్యలో ఫోనులో బయటినుంచి రావాల్సిన ఆ ఇద్దరికీ జవాబులు పెడుతోంది. కళ్ల కింద చారలు కట్టాయి. కొలతమ్మ వేలికి గుడ్డ చుట్టుకుంటూ ఊరికే అడిగినట్టు అడిగింది.

"అమ్మాయ్, పొడవు ఒకటే అయితే, టిక్కు చేరడానికి పట్టే టైం కూడా ఒకటేగా?"

"అవునక్కా," అంది తోడికోడలు తలెత్తకుండా. "ఒకే వైరయితే." ఆ వెంటనే కూతురి వైపు తిరిగి, "ఏడు ఎనిమిదులు? మళ్లీ చెప్పు," అంది.

ఒకే వైరయితే.

ఇంకో మాట అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కొలతమ్మ పళ్లాలు సర్దడానికి లేచి, సర్దిన పళ్లాలే మళ్లీ సర్దింది. భర్త బస్సు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "ఏంటి, ఇల్లంతా కొలుస్తున్నావు?" అన్నాడు. ఆయనకైనా చెబుదామా అనుకుంది. చెబితే ఏమంటాడో తెలుసు. పొద్దున్నే వెళ్లి చెప్పెయ్ అంటాడు. అనుమానం తన లోపల ఉన్నంతసేపూ అది అనుమానమే. ఒక్కరికి చెప్పినా ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. నిద్ర పట్టీ పట్టకుండానే తెల్లవారింది.

గురువారం చెబుదామనే వెళ్లింది. హాలు తలుపు దాకా వెళ్లింది కూడా. లోపల తోడికోడలు ఎవరి మీదో కేకలేస్తోంది, మేనేజరు ఫోనులో వాతావరణ కేంద్రం వాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు కాదులే, భోజనాలయ్యాక అనుకుంది. భోజనాలయ్యాక సాయంత్రం అనుకుంది.

మూడు గంటలప్పుడు టంకం మాస్టారు తన పెట్టె తీసుకెళ్లడానికి వచ్చాడు. భూతద్దం కళ్లజోడు, చిమటాలు, బ్రష్షులు, అరిగిపోయిన రెండు కడ్డీ మొనలు. అన్నీ పెట్టెలో సర్దుకుని, వెళ్తూ వెళ్తూ ఆమె గది గుమ్మం దగ్గర ఆగాడు.

"నీ వైర్లలో అణువంత తేడా లేదటగా. చెప్పారు."

"మాస్టారూ..."

"సంతోషం. నేర్పినవాడి పేరు నిలబెట్టావు." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. ఆయన పెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని గేటు వైపు నడిచాడు.

కొలతమ్మ లేవబోయింది. ఆయన గేటు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉండిపోయింది. ఆ తర్వాత ముఖం కడుక్కొచ్చి, మళ్లీ కడుక్కొచ్చి, అయిదు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది.

శుక్రవారం అందరికన్నా ముందు వచ్చింది. నెలకోసారి మాత్రమే ఖాళీ చేసే మూలనున్న చెత్త డబ్బాను నేల మీద బోర్లించి, ఒలిచిన తొక్కల్లోంచి, తుంపుల్లోంచి పాత రీలు తాలూకు మీటరున్నర ముక్కను వెతికి పట్టుకుంది. దాన్ని సరిగ్గా మీటరుకు కోసింది. కొత్త రీలులోంచి ఇంకో మీటరు కోసింది. రెండూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. స్టోరులో మరలు లెక్కపెట్టకుండా తూకం వేసి ఇచ్చే చిన్న త్రాసు ఉంది. స్టోరు కీపరు ఇంకా తాళం తీస్తూనే ఉన్నాడు.

"ఏంటక్కా, పొద్దున్నే దండయాత్ర?"

"నీ త్రాసు ఒకసారి ఇటివ్వు."

పాత ముక్క ముప్పై ఏడు గ్రాములు. కొత్తది ముప్పై ఒకటి.

మళ్లీ పెట్టింది. ముప్పై ఏడు. ముప్పై ఒకటి. రెండూ తారుమారు చేసి పెట్టింది. త్రాసు తన మాట మార్చుకోలేదు.

తోడికోడలు అప్పుడే హాల్లోకి వచ్చి సంచి భుజం మీంచి దించుతోంది. కొలతమ్మ రెండు ముక్కలూ ఆమె ముందు బల్ల మీద పెట్టింది.

"పదకొండో దానికీ పద్నాలుగో దానికీ ఉన్న వైర్లు తియ్యి. చివర నా చీటీ మీద కోసిన వరస నంబర్లు పదిహేను, పదహారు అని ఉంటాయి చూడు. ఆ రెండూ వేరే రీలులోంచి కోశాను. పుస్తకంలో రాయలేదు."

తోడికోడలు సంచి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత వంగి, బీరువాలాంటి ఆ యంత్రం వెనక తలుపు తెరిచి, టార్చి వేసి చూసింది. పదిహేను. పదహారు. లేచి నిలబడి ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని చివర్లు పరిశీలనగా చూసింది. పాతదాని లోపలి పొర గట్టిగా, మైనంలా ఉంది. కొత్తదాని పొర గోరుతో నొక్కితే దిగుతోంది.

"ఇది నురగ రకం," అంది నెమ్మదిగా. "లోపలంతా గాలి బుడగలు. దీంట్లో టిక్కు వేగంగా పోతుందక్కా. పొడవు ఒకటే అయినా ముందు చేరిపోతుంది." తలెత్తింది. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"తెలిసి కాదే. అనుమానం."

"ఎప్పటినుంచి?"

"మంగళవారం నుంచి."

"ఇవాళ శుక్రవారం." తోడికోడలు గొంతు పెంచలేదు. పెంచినా తట్టుకునేది కొలతమ్మ. "మొన్న బీన్సు తరుగుతూ అడిగావు చూడు, అప్పుడే చెప్పొచ్చు కదా. నేను నీ ఎదురుగానే ఉన్నాను. ఒకే కంచంలో తినేంత దగ్గరగా ఉన్నాను."

కొలతమ్మ వేలికి చుట్టిన గుడ్డను బిగించుకుంది.

గడియారం బోర్డులోంచి టిక్కు ఒకేసారి బయల్దేరుతోందని తోడికోడలు మొదటిరోజే చూసింది. అవతలి కొసన ఎప్పుడు చేరుతోందో చూడాలంటే యంత్రం మొత్తం విప్పాలి. అంత టైం లేదని అప్పుడు మేనేజరు ఒప్పుకోలేదు. ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. బయటినుంచి వచ్చిన ఇద్దరినీ ఆగమని, బోర్డులు ఊడదీసి, వైర్ల చివర్లు కొలిచే పరికరానికి తగిలించింది. తెర మీద రెండు గీతలు లేచాయి, ఒకటి పదో వైరుది, ఇంకోటి పదకొండోది. రెండూ ఒకే ఆకారం, ఒకే ఎత్తు. పదకొండోది కాస్త ముందు లేచింది.

"ఎంత?" అంది కొలతమ్మ.

"సెకనును నూరు కోట్ల ముక్కలు చేస్తే, అందులో దగ్గర దగ్గర రెండు ముక్కలు."

కొలతమ్మ ఆ రెండు గీతల మధ్య సందును చూస్తూ నిలబడింది. తెర మీద అది వేలి గోరంత కూడా లేదు. ఆ సందులోంచే ఒక మనిషి తన పెట్టె సర్దుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

"నేను చెబుతాను మేనేజరుకి," అంది తోడికోడలు.

"వద్దు. నేనే చెప్పాలి."

మేనేజరు ఆమె చెప్పిందంతా విన్నాడు. మొదట ముఖం ఎర్రబడింది, తర్వాత గుండెల మీంచి బరువు దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. వైర్లు మారిస్తే చాలా? గురువారానికి అందుతుందా? అందుతుందంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

"పాత రీలు దొరకదు. పదహారూ కొత్త దాంతోనే కోస్తాను సార్," అంది కొలతమ్మ. "ఒకే వైరు కావాలి, అంతే. ఇవాళే అయిపోతుంది."

"మీకు మెమో ఇవ్వక తప్పదు మరి."

"ఇవ్వండి. టంకం మాస్టారిని పిలిపించండి."

మేనేజరు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "అది వేరే విషయమండి. తప్పు ఆయనది కాదు, ఒప్పుకుంటాను. కానీ చెయ్యి వణుకుతున్న మాట నిజమేగా? చూశాక చూడనట్టు ఎలా ఉంటాం?"

"ఇన్నాళ్లూ ఉన్నాంగా సార్!"

ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. కొలతమ్మ కూడా తన గొంతు తనే విని ఉలిక్కిపడింది. కానీ తగ్గలేదు. తప్పు అతుకులదని రాసిన రిపోర్టులోంచి ఆయన పేరు తీసేయాలంది. తీసేసినట్టు ఆయనకు రాతపూర్వకంగా పంపాలంది. మేనేజరు అంతవరకు సరేనన్నాడు. తిరిగి పనిలోకి అన్న మాటకు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం నుంచి వైర్లు కోయడం మొదలుపెట్టింది. ఇకమీదట ఆమె పనిని ఇంకొకరు సరిచూడాలని మెమోలో రాశారు. ఆ ఇంకొకరుగా తోడికోడలే వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఒక్కో వైరు కోయగానే అందుకుని కొలుస్తుంది, తూస్తుంది, పరికరానికి పెట్టి చూస్తుంది, పుస్తకంలో రాస్తుంది. ఎనిమిదో వైరు దాకా ఇద్దరి మధ్యా అంకెలు తప్ప మాటల్లేవు.

తొమ్మిదోదాని దగ్గర తోడికోడలు అంది, "నాకు నీ మీద కోపం పోలేదు."

"పోవద్దులే."

"పుస్తకంలో నీ సంతకం చూసి నేనూ మాస్టారినే అనుమానించాను. నీ మాట మీద అంత గురి నాకు."

కొలతమ్మ చేతిలో కత్తి ఆగింది. ఒక్క క్షణం తర్వాత మళ్లీ కదిలింది. పదహారోది అయ్యేసరికి ఆరున్నర దాటింది. చివరి వైరును తోడికోడలు రెండుసార్లు తూచి, పుస్తకం ఆమె వైపు తోసింది. కొలతమ్మ రీలు నంబరును అంకె అంకె చదువుకుంటూ రాసింది.

శనివారం పొద్దున యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టారు. అది పదమూడు గంటలు దాటింది, ఇరవై దాటింది. ఆదివారం మధ్యాహ్నానికి కూడా ఫ్యాన్లు అదే హోరు. తోడికోడలు హాల్లోంచి ఫోన్ చేసి, "నడుస్తోంది," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. అత్తగారు ఏమిటని అడిగితే, "మీ వాన యంత్రం బాగుపడిందత్తయ్యా," అంది కొలతమ్మ. ఆవిడ కిటికీలోంచి ఆకాశం చూసి పెదవి విరిచింది.

ఫోన్ వచ్చాక ఇంట్లో ఉండలేకపోయింది. మాస్టారి ఇల్లు రెండు బస్సుల దూరం. నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కి, గంట కొట్టబోయి, ఆగి, ఊపిరి తీసుకుని కొట్టింది. ఆయనే తలుపు తీశాడు. ముందుగదిలో బల్ల మీద ఒక పాత రేడియో పొట్ట విప్పి ఉంది.

"కాగితం వచ్చింది," అన్నాడు ఆయన, ఆమె నోరు తెరవకముందే. "నిన్న సాయంత్రం. కూర్చో."

ఆమె కూర్చోలేదు. జరిగిందంతా నిలబడే చెప్పింది. రీలు, మెత్తటి పొర, భర్త ఫోన్లు, పుస్తకం. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నోరు మూసుకున్న సంగతి కూడా. మాస్టారు అడ్డు తగలకుండా విన్నాడు. మధ్యలో కుడిచేతి మీద ఎడమచెయ్యి పెట్టుకున్నాడు.

"నాకు నీ పుస్తకం చూపించారు," అన్నాడు చివరికి. "నీ రాత. అది చూశాక ఇక నాకే అనుమానం లేకపోయింది. తప్పు నాదే అనుకున్నాను. మూడు రోజులు ఈ చేతిని తిట్టుకున్నానమ్మాయ్. అన్నం తింటూ తిట్టుకున్నాను. స్నానం చేస్తూ తిట్టుకున్నాను. వణకడం వణికావు, కనీసం నాకు చెప్పి వణకొచ్చు కదా అని."

కొలతమ్మకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

"ఎవరో నన్ను అనుమానించారని కాదు. నేను వేసిన అతుకుల్ని నేనే అనుమానించాను. అది నువ్వు చేసిన పని."

"అవును మాస్టారూ."

"క్షమించమని అడక్కు. ఇవాళ అడక్కు."

"అడగను."

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది గురగురమని ఆగుతోంది, మళ్లీ గురగురమంటోంది. మాస్టారు తల కొంచెం వంచి ఆ చప్పుడు విన్నాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"ఆ పలక మీద నా అతుకులు ఊడదీశారా?"

"లేదు. మొదలుపెట్టబోతుంటే ఆపేశాం. పదకొండు దగ్గరా, పద్నాలుగు దగ్గరా మా తోడికోడలు భూతద్దం పెట్టి ఒక్కో పిన్నూ చూసింది. మూడు వందల పైచిలుకు. ఒక్క అతుకు కూడా చెడ్డది లేదంది. అలాగే ఉంచేశారు. యంత్రం వాటి మీదే నడుస్తోంది."

ఆయన లేచి వంటగది గుమ్మం దాకా వెళ్లి భార్యను పిలిచాడు. ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది, ఎవరో అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడన్నావే, అది మళ్లీ చెప్పు," అన్నాడు మాస్టారు కొలతమ్మతో. "మా ఆవిడకీ వినిపించేలా చెప్పు."

కొలతమ్మ మళ్లీ చెప్పింది. భూతద్దం సంగతీ, ఎన్ని పిన్నులో, ఎవరు చూశారో, అన్నీ వరసగా చెప్పింది. ఆవిడ వింటూ మధ్యలో ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

టీ తాగి వెళ్లమని ఆవిడే అంది. మాస్టారు అనలేదు, వద్దనీ అనలేదు. రేడియో ముందు కూర్చుని స్క్రూ డ్రైవరు అందుకున్నాడు. కొలతమ్మ టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ మధ్య అటూ ఇటూ నడుస్తూ, నిలబడే తాగేసి, కప్పు కడిగి పెట్టి, మెట్లు దిగింది.